నిలబడే స్వేచ్ఛ

"స్టూలా? ఎందుకమ్మా, బల్బు మార్చాలా?" అంది పెద్ద మేడం.

పక్కనున్న ఇద్దరు మేడమ్‌లూ పకపకా నవ్వారు. ముగ్గురూ ఆ బట్టల షాపు యజమానులు. ఎదురుగా నిలబడ్డ సేల్స్ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమెకు ఏడో నెల. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టక అంచులు దాటి బయటికొచ్చేస్తున్నాయి.

"కూర్చోడానికి మేడం. మధ్యమధ్యలో కాసేపైనా కూర్చోకపోతే బిడ్డకే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. కస్టమర్లు లేనప్పుడే కూర్చుంటాను. ఎవరైనా రాగానే లేచిపోతాను."

షాపు మూడంతస్తులు. గుమ్మం మీద 'ఎదుగుదల, న్యాయం, స్వేచ్ఛ' అని నిలువెత్తు అక్షరాలు. పెట్టుబడికి మానవత్వం నేర్పిన షాపని పత్రికలు రాశాయి. లాభాలు పంచుకునే షాపని కూడా రాశాయి. పంచుకోవడం నిజమే. పంచుకునేది ఈ ముగ్గురేనని, మిగతా ఆడపిల్లలంతా కాంట్రాక్టరు తోలుకొచ్చినవాళ్ళని మాత్రం ఎవరూ రాయలేదు. రాయడానికి వచ్చినవాళ్ళకి ఏసీ గదిలో కాఫీ ఇచ్చి అటునుంచి అటే పంపేశారు మరి.

ఆ షాపులో దొరకనిదంటూ లేదు, కూర్చోడానికి చోటు తప్ప. సేల్స్ పిల్లలు గోడకి ఆనుకుంటారని గోడల నిండా అద్దాలు బిగించారు. వీపు మరక పడిందంటే సూపర్‌వైజరు పట్టేస్తాడు. ట్రయల్ రూములో దూరి కూలబడతారని అక్కడి బల్ల పీకించారు. కింద పడ్డ గుడ్డ తీసే వంకతో కౌంటరు వెనక గొంతుక్కూర్చునే ఎత్తొకటి ఉండేది. దాన్నీ పెద్ద మేడమే కనిపెట్టి మాన్పించేసింది. ఏసీ గది దాటని మనిషికి ఈ విద్యలన్నీ ఎలా పట్టుబడ్డాయో అని పిల్లలు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

"నీకొక్కదానికి స్టూలేస్తే రేపు అందరూ ఏదో ఒక నొప్పి చెప్పుకుని వస్తారు," అంది లెక్కలు చూసే రెండో మేడం. "అదీగాక, సేల్స్ అమ్మాయి కూర్చుని కనిపిస్తే ఇదేదో బేరాల్లేని కొట్టనుకుంటారు. వ్యాపారం పడిపోతే నష్టం ఎవరికి? మీకే కదా!"

లాభం మాది, నష్టం మీది. ఇంతకన్నా న్యాయంగా పంచడం ఎవరి తరం?

"మా ఆయన ఫ్యాక్టరీ మూసేశారు మేడం. ఇంటికి నా జీతమే ఆధారం. మానలేను. అలాగని నిలబడనూ లేకపోతున్నాను. మీరూ ఆడవాళ్ళే, నా బాధ మీకు తెలీదా?"

"చూడమ్మా," పెద్ద మేడం గొంతులో తేనె పోసుకుంది. "ఇక్కడ ఎవరి మీదా బలవంతం లేదు. నిలబడే స్వేచ్ఛ నీది. ఇష్టం లేకపోతే వెళ్ళిపోయే స్వేచ్ఛా నీదే."

అంటూనే తన కాళ్ళు ఎత్తి మెత్తటి పీట మీద పెట్టుకుంది. పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బి ఉన్నాయి. వాటిని కిందికి దించితే ఆవిడ భరించలేదట. సుఖపడీ సుఖపడీ కాళ్ళు అరిగిపోతాయి కాబోలు, పాపం!

మూడో మేడం మాత్రం ఆ అమ్మాయి పాదాల వంకే చూస్తోంది. ఏదో అనబోయింది. పెద్ద మేడం ఒక్క చూపు చూసేసరికి ఫోను తీసి అందులో తల దూర్చేసింది. జాలి ఉండే ఉంటుంది. కానీ వాటా కూడా ఉంది కదా.

"సరే, రేపట్నుంచి రాకు. హాయిగా ఇంట్లో రెస్టు తీసుకో," తీర్పు చెప్పేసింది పెద్ద మేడం. "పురుడు పోసుకుని, బిడ్డ పాలు మానేశాక రా. అప్పటికి ఖాళీ ఉంటే చూద్దాం."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని తలుపు వైపు తిరిగింది.

"ఆగాగు! సాయంత్రం ఫంక్షనుందిగా. ముఖ్య అతిథిగా వచ్చే ప్రొఫెసరు గారికి బొకే నువ్వే ఇవ్వాలి. కడుపుతో ఉన్న పిల్లకి కూడా పనిచ్చామని నలుగురికీ తెలియొద్దూ? ఫోటోలో పొట్ట కనపడేలా కాస్త పక్కకి తిరిగి నిలబడు."

సాయంత్రం కింది అంతస్తులో వేదిక లేచింది. ఒక్క స్టూలుకి చోటు లేని ఆ అంతస్తులో అతిథులకి ఎన్ని కుర్చీలు పట్టాయో! వేదిక మీద మేడమ్‌లకి, ప్రొఫెసరుకి సోఫాలు. సేల్స్ పిల్లలు వెనక వరసలో, అద్దాలకి వీపు తగలకుండా నిలబడ్డారు. బొకే పట్టుకున్న అమ్మాయి వేదిక పక్కన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంది.

ప్రొఫెసరుకి మైకు దొరికితే వదలని జబ్బు. పెట్టుబడి గుర్రమన్నాడు. న్యాయం కళ్ళెమన్నాడు. స్వేచ్ఛ మైదానమన్నాడు. గుర్రం డెక్కల కింద పడేవాళ్ళ ఊసు మాత్రం ఎత్తలేదు. అలాంటి మాటలకి శాలువాలు కప్పరని ఆయనకి తెలుసు.

అమ్మాయి పెదాలు పాలిపోయాయి. వేదిక అంచు మీద ఒక చెయ్యి ఆనించింది. పెద్ద మేడం సోఫాలోంచే కళ్ళెర్రజేసి, నిటారుగా నిలబడమని వేలు పైకెత్తి చూపించింది. అమ్మాయి చెయ్యి తీసేసింది.

ప్రొఫెసరు మేడమ్‌ల వైపు చెయ్యి చాచి గొంతు పెంచాడు.

"పదేళ్ళ కిందట ఇదే అంతస్తులో, కూర్చోడానికి స్టూలు అడిగిన పాపానికి పాత యజమాని మెడపట్టి గెంటేస్తే, ఈ గుమ్మం ముందే సమ్మె చేసి, చివరికి షాపునే దక్కించుకున్న ఆ ముగ్గురు సేల్స్ అమ్మాయిలూ వీళ్ళే!"