పిండని చీర

ఇంటింటికీ పొడిగాలి యంత్రం తప్పనిసరి చేశాక, మంగతాయారు గ్రామఫోను రికార్డులు ముట్టుకుంటే కరెంటు తగిలినట్టు చురుక్కుమంటున్నాయి. దుమ్మంతా వాటికే అంటుకుంటోంది. సూది ఆ దుమ్మును నూరుతూ, వాళ్లమ్మ పాడిన పాటను రోజురోజుకీ అరగదీస్తోంది. గాలికి కాస్త తడి తగిలితే ఆ చురుక్కుమనడం పోతుందని తాయారు ముందుగదిలో తడిచీర ఆరేసింది.

“గదిలో తేమ పెరిగిందండి. చీర తీసెయ్యండి,” అంది ఇంటిని కనిపెట్టుకుని ఉండే గోడ.

“తియ్యను.”

“ఆ పాట నా దగ్గర శుభ్రంగా ఉంది. మధ్యలో వచ్చే దగ్గు కూడా తీసేశాను.”

రికార్డు తుడుస్తున్న తాయారు చెయ్యి ఆగింది. రికార్డు చేసిన రోజు అమ్మ జ్వరంతోనే పాడింది.

“ఆ దగ్గు మా అమ్మది. నిన్నెవడు తియ్యమన్నాడు?”

ఇంకో చీర తడిపి, పిండకుండానే తెచ్చి, పొడిగాలి వచ్చే కంతకు అడ్డంగా కట్టింది. తర్వాత సూది దించి, దగ్గు వచ్చేచోట శబ్దం పెంచింది.