చీటీలో తగిలిన బస్తా

ఊరిపెద్ద ఛోఫెల్ టోపీలో చెయ్యి పెట్టి చీటీ తీసి చదవగానే, తన పేరు విని గెలెక్ ముఖం మాడిపోయింది.

ఎదురుగా ఫాంగ్ అనే అతిథి నిలబడి ఉన్నాడు. కున్మింగ్ పట్నం నుంచి వచ్చాడట. నలభై అయిదేళ్లుంటాయి. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి.

"మనిషా, బార్లీ బస్తానా?" అన్నాడు గెలెక్, అతిథికి వినబడేలాగే.

ఫాంగ్ నవ్వాడు. "కాస్త నెమ్మదిగా నడిపించండి బాబాయ్. నాకు కొండలు అలవాటు లేవు."

"చూస్తేనే తెలుస్తోందిలే."

గెలెక్‌కి అరవై నాలుగు. నలభై ఏళ్లుగా జనాన్ని హిమానీనదం అడుగు దాకా నడిపించి తీసుకొస్తున్నాడు. ఏ అతిథి ఎవరి వంతో ఈ ఊళ్లో రోజూ పొద్దున్నే చీటీలు తేలుస్తాయి. టోపీలో పేరున్నవాడే మగాడు. గెలెక్ పేరు అందులో ఉంటుందా పోతుందా అన్నది ఇవాళ్టితో తేలిపోతుంది. మధ్యాహ్నం పన్నెండులోగా అతిథిని మంచు దగ్గరికి చేర్చాలి. చేర్చలేకపోతే రేపట్నుంచి ఇంట్లో కూర్చుని మనవల ముక్కులు తుడుచుకోవడమే.

అంతా ఏప్రిల్‌లో జరిగినదాని వల్ల వచ్చింది. దారి మధ్యలో గెలెక్ స్పృహ తప్పి పడిపోయాడు. వెంట ఉన్న కాలేజీ పిల్లలు బిక్కచచ్చి నిలబడిపోతే, వెనకాల ఇంకెవరి వంతులోనో వస్తున్న ఒకతను వీపున వేసుకుని ఊళ్లోకి దించాడట. గెలెక్ కళ్లు తెరిచేసరికి అతను బస్సెక్కి వెళ్లిపోయాడు. ఊరంతా గుండెజబ్బు అంది. ముందురోజు తిన్న మాంసం పడలేదని గెలెక్ వాదన.

ఇప్పుడు ఆషాఢపు వానలు. ఈ దారిలో కంచరగాడిదలు కూడా రామని మొరాయిస్తాయి. మోకాలి కిందంతా బురదే.

మొదటి వాగు దాటి ఎత్తు మొదలయ్యేసరికి గెలెక్‌కి ఊపిరి కాస్త బరువైంది. ఏం వంక పెట్టి ఆగాలా అనుకుంటుండగానే వెనకాల దబ్బుమని చప్పుడు. ఫాంగ్ బురదలో చతికిలబడి ఉన్నాడు.

"ఒక్క అయిదు నిమిషాలు బాబాయ్."

"నీ కోసం కూర్చుంటున్నా, గుర్తుంచుకో," అన్నాడు గెలెక్, దేవదారు వేరు మీద కూలబడుతూ.

అది మొదలు. వంద అడుగులు వేస్తే ఒకసారి జారడం. జారకపోతే బూటు తాడు ఊడిపోవడం. అదీ కాకపోతే రాతి మీద నాచుకి ఫొటో తియ్యడం. తాడు కట్టుకోవడానికి పావుగంట! మా ఊళ్లో మూడేళ్ల పిల్ల నయం అనుకున్నాడు గెలెక్. ఇలాంటివాళ్లు మంచు చూడాలంటే ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే సరిపోదా?

"అసలు నిన్ను ఎవరు రమ్మన్నారయ్యా?" అని అడిగేశాడు, ఏడోసారి కూర్చున్నప్పుడు.

"రావాలనిపించింది బాబాయ్."

"అనిపిస్తే సరా, కాళ్లుండొద్దూ? ఏప్రిల్‌లో ఒకడొచ్చాడు. నేను చూళ్లేదు గానీ, మగాడంటే వాడు. ఏ సైన్యంలోవాడో అయ్యుంటాడు. నాకు వాడు తగల్లేదు, నువ్వు తగిలావు. నా ఖర్మ."

ఫాంగ్ సీసా మూత తీసి వెన్న టీ ఇచ్చాడు. గెలెక్ తాగాడు. టీ బాగానే ఉంది, ఆ మాట మాత్రం పైకి అనలేదు.

చివరి ఎత్తు దగ్గర దారి నిట్టనిలువుగా ఉంటుంది. గెలెక్ కళ్ల ముందు ఒకసారి చీకటి కమ్మి విడిపోయింది. చెయ్యి ఛాతీ మీదికి పోబోయి, అతిథి చూస్తాడని ఆగింది. ఇంకో ముప్పావుగంటలో పన్నెండవుతుంది. గెలెక్‌కి నిజంగా భయం వేసింది.

"బాబాయ్, నాకు కళ్లు తిరుగుతున్నాయి. మీ నడుం పట్టుకుని నడుస్తా, ఏమనుకోకండి," అన్నాడు ఫాంగ్.

"పట్టుకో, పట్టుకో. ఇంటికెళ్లి మీ ఆవిడకి చెప్పు, ముసలాడి నడుం పట్టుకుని కొండెక్కానని."

ఫాంగ్ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ ఎక్కారు. అంత బరువు వెనకాల వేలాడుతున్నా ఆ ఎత్తు గెలెక్ కాళ్లకి అసలు తెలియనే లేదు. వయసైపోయిందన్న వెధవలు వచ్చి చూడాలి అనుకున్నాడు గర్వంగా.

పైన మంచు, బూడిద రంగులో, అడుగు నుంచి నీళ్లు కారుస్తూ కనిపించింది. తమకన్నా ముందే బయల్దేరి వచ్చిన ఛోఫెల్ బండ మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

"పన్నెండుకి పది తక్కువ. నీ పేరు టోపీలోనే ఉంటుంది పోరా," అన్నాడు.

ఫాంగ్ దూరంగా మంచు దగ్గరికి వెళ్లి చేతులు జోడించి నిలబడ్డాడు. గెలెక్ ఆ వీపు వైపు చూసి ఉమ్మేశాడు.

"ఒరేయ్ ఛోఫెల్, ఇంకోసారి ఇలాంటి బస్తాని నాకు అంటగట్టావో, ఊరుకోను. పద్నాలుగుసార్లు పడ్డాడ్రా! వాడి మూలాన నా పేరు పోయేది. పుట్టి బుద్ధెరిగాక ఇంత పనికిమాలినవాణ్ని నేను చూళ్లేదు."

ఛోఫెల్ లేచి నిలబడ్డాడు. అతని మొహం ఎర్రబడింది.

"చెప్పనని అతనికి మాటిచ్చాను, కానీ నీ మాటలు విన్నాక ఇక నావల్ల కాదు," అన్నాడు. "ఏప్రిల్‌లో నిన్ను వీపున వేసుకుని, ఇదే దారిలో ఒక్కసారైనా కాలు జారకుండా ఊరి దాకా దించింది ఆ బస్తాయే రా."