బట్టల తాడు

“మళ్ళీ తాడు మార్చేశాడండీ!” వెనక పెరట్లోంచి పైకొచ్చిన భార్య ఆయాసపడుతూ చెప్పింది.

అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు. “ఎవడు?”

“వెనకింటి పెద్దాయన. మన ఏసీ కిందున్న తాడు విప్పి, అవతలి గోడకు కట్టాడు. కట్టి, పైకే చూస్తున్నాడు.”

పైన, మూడో అంతస్తు బయటి గోడకు వేలాడుతోంది వాళ్ళ ఏసీ డబ్బా.

ఆ గోడ అతనిది కాదు, అపార్ట్‌మెంటులో అందరిదీ. అసోసియేషన్ ఇంజనీరు వచ్చి, గోడ బరువు మోస్తుందని ఒప్పుకుంటేనే డబ్బా బిగించాలని నియమం. వాళ్ళు మీటింగు పెట్టేసరికి ఎండాకాలం దాటిపోతుంది. భార్యకు నెలలు నిండుతున్నాయి. ఉక్కకు ఊపిరాడక లేచి కూర్చుంటోంది. సెక్రటరీ ఊళ్ళో లేని రోజు చూసి గుట్టుగా బిగించేశాడు.

అప్పట్నుంచీ బెల్లు మోగితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు. డబ్బా పీకించేస్తే ఈమె గతేం కాను?

కిందికి దిగాడు. ముసలాయన ఇంకా పైకే చూస్తున్నాడు.

“ఏం కావాలండీ?”

“పర్మిషన్ తీసుకున్నారా బాబూ? గోడ ఎవరికైనా చూపించారా?”

“సెక్రటరీకి చాడీలు మోస్తారా? మోయండి! మీ ఇల్లు చల్లగా ఉంటే చాలు, పక్కవాళ్ళు ఉడికి చచ్చినా మీకేం?”

ముసలాయన ముఖం పాలిపోయింది. “అది కాదు బాబూ, మా ఇంట్లో...”

“మీ ఇంటి సోది నాకొద్దు. నడవండి!”

రెక్క పట్టుకుని గేటు బయటికి నెట్టాడు.

“ఈయన మళ్ళీ లోపలికొచ్చాడో, నీ ఉద్యోగం ఊడినట్టే!” అన్నాడు వాచ్‌మన్‌తో.

తాడు తన చేత్తోనే మళ్ళీ ఏసీ కింద కట్టాడు.

మర్నాడు పొద్దున ఈదురుగాలి. గడ్డం గీసుకుంటూ ఉంటే పిడుగు పడ్డట్టు చప్పుడయింది.

కిటికీలోంచి చూశాడు. గోడకు డబ్బా లేదు. పెళ్ళలూడిన ఇటుకలున్నాయి.

భార్య బట్టల బకెట్టుతో అప్పుడే కిందికి వెళ్ళింది.

మెట్లెలా దిగాడో తెలియదు. పెరట్లోకి వచ్చిపడ్డాడు.

నిన్న తను తాడు కట్టిన చోట డబ్బా నేలలో దిగబడి ఉంది. దాని కింద ఎవరూ లేరు.

అవతలి గోడ దగ్గర, తడి దుప్పటి గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది ఆమె. తాడు అక్కడుంది.

“తెల్లారి నేను పాలకు దిగినప్పుడే వచ్చి మళ్ళీ మార్చాడండీ. వాచ్‌మన్‌ను బతిమాలుకున్నాడట. మీతో చెప్పొద్దని నాకు దణ్ణం పెట్టాడు.”

అతను వెనకింటికి పరుగెత్తాడు. తలుపుకు తాళం.

“పెద్దాయన కోసమా? ఇందాకే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు నాయనా,” అంది పక్కింటావిడ.

“ఎక్కడికి?”

“ఎవరికి చెప్పాడు గనక? భార్య పోయాక మనిషితో మాట్లాడితేగా.”

“ఆవిడకేమైంది?”

పక్కింటావిడ ఆ ఇంటి పైగోడకు కొత్తగా సిమెంటు పూసిన చోటు చూపించింది.

“ఉక్కకు ఆమె తట్టుకోలేదని ఆయన ఓనరుకు తెలీకుండా దొంగచాటుగా పెట్టించిన ఏసీ, కింద బట్టలారేస్తున్న ఆమె మీదే పడింది.”