వంటింటి స్పీకరు

"ఇది చెడిపోలేదక్కా," అన్నాడు ముదలియార్‌పేటలో పాత స్టీరియోలు బాగుచేసే గురు. "రెండు పక్కలా పాట బాగానే వస్తాంది."

"మరి హాల్లో స్పీకరు పాడతా ఉంటే, మా వంటింటి స్పీకరు ఇన్నేండ్లుగా మూగగా ఉందే? అది చచ్చిపోయిందని మా ఆయనే చెప్పె," అంది సుగంధి. భర్త సుధాకరన్ ఉంటే వద్దంటాడని, ఆయన ఊళ్లో లేని రోజు చూసుకొని ఆంప్లిఫయర్‌ను ఆటోలో వేసుకొచ్చిందామె.

గురు ఒక చిన్న నాబ్ చూపించాడు. "ఇది బ్యాలెన్సు. పాటంతా హాల్ పక్కకే తిప్పి, మళ్లీ తిరగకుండా బంక పెట్టినారు. పిల్లోళ్ల పనేమో?"

"మాకు పిల్లోళ్లు లేరు."

అప్పట్లో వంట చేస్తూ ఆమె పాటతో గొంతు కలిపేది. 'ఏందా గోల' అని సుధాకరన్ ఒకసారి కసిరాడు. ఆ వారమే స్పీకరు పోయింది.

సుగంధికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు.

"బంక గీకేసినా. నడిమికి పెట్టేదా అక్కా?"

"వద్దు. మొత్తం వంటింటి పక్కకి తిప్పి, మళ్లీ బంక పెట్టు."

"అప్పుడు హాల్లో చప్పుడే రాదు. అన్నకి తెలిసిపోదా?"

"తెలియనీ," అంది సుగంధి, పెట్టె మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ. "యా మొగం పెట్టుకొని అడగతాడు?"