సుంకమ్మ మేడమ్ కాలేజీ

నాగలమడికలో బస్సు ఆగింది. అదే చివరి స్టాపు. దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు ఎగబడ్డారు.

అందరికంటే వెనక ఒక ముసలామె నిలబడింది. తలమీద బట్టల మూట, చంకలో మట్టికుండ.

"కుండ పగిలితే బస్సంతా గలీజు. ఆడనే పెట్టి ఎక్కవ్వా" అన్నాడు కండక్టరు.

"విత్తనాలప్పా. పారేసి యాడికి పోదును?"

అప్పుడే దిగిన ఒక పొడుగాటి నల్లటి యువకుడు కుండను రెండు చేతులా పట్టుకుని, ఆమె ఎక్కాక జాగ్రత్తగా అందించాడు.

"సల్లగా ఉండు నాయనా" అంది ఆమె.

బస్సు తిరుక్కుని పావగడ దారి పట్టింది.

యువకుడి పేరు ఉస్మాన్. సూడాన్ దేశస్థుడు. బెంగళూరులో వ్యవసాయం చదువుతున్నాడు. దాసన్న టీ అంగడి ముందు నిలబడి, వచ్చీరాని కన్నడంలో అడిగాడు. మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"సుంకమ్మ మేడమ్ కాలేజీ ఎక్కడ?"

దాసన్న నోరు తెరిచాడు. రెండేళ్ళుగా చినుకు లేదు. విత్తనాలు మొలవని ఊళ్ళో కాలేజీ ఎప్పుడు మొలిచిందో ఆయనకు తెలియదు.

"ఈడ ఉండేది హైస్కూలప్పా. కాలేజీ కావాలంటే పావగడకు పోవాల."

బెంచీ మీద కూర్చున్న నరసప్ప తల తిప్పాడు. ఆయనకు నలభై ఎకరాలు, ఒక రాజ్‌దూత్ మోటారు సైకిలు, రెండు వైపులా మీసం.

"ఏ దేశమప్పా నీది?"

"సూడాన్."

"అట్ల చెప్పు! తొమ్మిదేండ్ల కింద మీ దేశం పిల్ల అమీనా వచ్చినాది. కరువులో శెనక్కాయ చెట్టు ఎట్ల బతుకుతాదో చదువుకుంటానన్నాది. మా కరువులో చదివేదానికి ఏముండాదమ్మా అని నేనే నవ్వినా. ఆరు నెలలు మా ఇంట్లోనే ఉండె. మా ఇంటామె యశోదమ్మ చేతి రాగిముద్దే తినె."

"ఇప్పుడు మా దేశంలో ఆమే నా టీచర్. ఇక్కడ నేర్చుకున్నది మా రైతులకు నేర్పింది. కరువులోనూ మా నాన్న చేను పండింది. ఆమే నన్ను పంపింది."

"ఆ పిల్ల చదివింది నా చేన్లోనే కదా. నా పేరు రాసే ఉంటాది, చూడు."

ఉస్మాన్ సంచిలోంచి అమీనా పరిశోధన పుస్తకం తీసి పేజీ తిప్పాడు. "ఉంది. అన్నం పెట్టినందుకు నరసప్ప గారికి కృతజ్ఞతలు."

నరసప్ప మీసం దువ్వుకున్నాడు. "అంతేనా?"

"అంతే. నేర్పింది సుంకమ్మ మేడమ్ అని రాశారు. నాకు కూడా నేర్పుతానని ఆమె ఈ కాగితం మీద ఒప్పుకోవాలి. రేపటిలోగా ఆఫీసులో ఇవ్వకపోతే నా సీటు పోతుంది. మా దేశానికి తిరిగి వెళ్ళిపోవాలి."

ఊళ్ళో సుంకమ్మలు ఎంతమందో దాసన్న గుర్తు చేసుకున్నాడు. ఒక్కరికీ చెప్పులు కూడా లేవు. మేడమ్ ఎక్కడినుంచి వస్తుంది?

అప్పుడు ఉస్మాన్ పుస్తకం మధ్యలోంచి ఒక ఎర్రగుడ్డ పేలిక తీశాడు.

"ఇది మేడమ్ ఇచ్చిందట. మధ్యాహ్నం ఎండకు చేనంతా ఆకు ముడుచుకున్నప్పుడు, ఏ చెట్టు ముడుచుకోదో దానికి ఇది కట్టాలట. ఆ కాయలు వేరే దాచి, మళ్ళీ విత్తాలట."

మీసం మీద నరసప్ప చేయి ఆగిపోయింది.

పేలికలు కట్టే ముసలామె ఊరందరికీ తెలుసు. ఎప్పుడో వెంకటమ్మనహళ్లి నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. కాయలు ఒలిచినందుకు కూలిగా ఆ పేలిక చెట్ల కాయలే అడిగేది. పేలికలవ్వ అని పిలిచారే గానీ పేరేమిటని ఎవరూ అడగలేదు. వానలు పోయి చేలన్నీ మాడినా, ఆ చెట్లు మాత్రం నాలుగు కాయలు కాశాయి. అది మంత్రమన్నారు. పేలికలు కట్టి వానను కట్టేసిందని అందరికంటే గట్టిగా అరిచినవాడు నరసప్పే. ఆ తర్వాత ఆమెను కూలికి పిలిచినవాళ్ళు లేరు.

"ఆ యవ్వ యాడుండాది?" అన్నాడు నరసప్ప, గొంతు తగ్గించి.

"బెంగళూరుకు ఇటుకలు మోయను పాయె. ఇప్పుడు పోయిన బస్సులోనే" అన్నాడు దాసన్న.

ఉస్మాన్ తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. "కుండతోనా?"

"చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్లాయ!" అన్నాడు దాసన్న.

నరసప్ప అప్పటికే రాజ్‌దూత్‌ను ఒక్క తన్ను తన్నాడు. "ఎక్కప్పా!"

నాలుగు మైళ్ళ అవతల బస్సు దొరికింది. నరసప్ప బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టాడు. కండక్టరు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఎవరి మాటా పడని నరసప్ప ఆ తిట్లన్నీ పడ్డాడు.

కిటికీలోంచి ఆయన్ను చూసి ముసలామె కుండను గట్టిగా పట్టుకుంది. "ఊరిడిచి పోతాండా కదప్పా. ఇంకేమి?"

నరసప్పకు సిగ్గేసింది. అంతమంది ముందు చెప్పులు విడిచాడు.

"కండ్లుండీ చూడలేకపోయినా తల్లీ. దిగమ్మా. నీ దగ్గర చదువుకోవాలని సముద్రం దాటి వచ్చినాడు ఈయప్ప. నా చేనుకు ఈ ఏడు నీ గింజలే విత్తుదాం. ఎన్ని పేలికలైనా కట్టుకో."

ఆమె ఉస్మాన్‌ను పైనుంచి కిందికి చూసింది. "అమీనా పంపిందా? ఈ ఊర్లో నా పేరు అడిగింది ఆ పిల్లొకతే."

ఆమె దిగింది. కుండ ఈసారి నరసప్ప పట్టుకున్నాడు. బస్సు జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చప్పట్లు కొట్టారు. ఎందుకో సగంమందికి తెలియకపోయినా గట్టిగానే కొట్టారు.

ఉస్మాన్ బస్సు మెట్టు మీద కాగితం పరిచాడు.

తిట్టిన కండక్టరే తన పెన్ను విప్పి ఆమె బొటనవేలికి సిరా పూశాడు. 'ప్రొఫెసర్ సంతకం' అని ఉన్న గడిలో సుంకమ్మ వేలిముద్ర వేసింది.