మూడు తోకల పురుగు

"ఏమయ్యా పెద్దాయనా! మా ఏట్లో జల్లెడ పెట్టి ఏమి దేవుతా ఉండారు? బంగారమా?"

సత్రపట్టి ఊరి ఏటి గట్టు మీద ఆవును మేపుతూ జక్కమ్మ కేకేసింది.

మోకాటి లోతు నీళ్ళలో వంగి ఉన్న ముసలాయన తలెత్తాడు.

"పురుగులు తల్లీ."

ఎవరో కాలేజీలో పాఠాలు చెప్పే వాద్యారు కాబోలు అనుకుంది.

ఆయన అడుగు మట్టిని జల్లించి తెల్ల పళ్ళెంలో పోశాడు. ఎర్ర దారపు ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇవి మురికిలోనూ బతుకుతాయి. ఇవే ఉన్నంత కాలం మీ ఆవుకు ఈ నీళ్ళు తాపొద్దు."

జక్కమ్మ కడుపు మండింది. ఈ నీళ్ళు తాగే కదా దాని తల్లి చచ్చింది! అప్పటి నుంచి దూరపు బావి నీళ్ళు మోసి మోసి తన నడుము పడిపోయింది.

"అంతా ఆ పట్టడవాడి పాపం!" ఎగువన తాళం పడి ఉన్న బ్లీచింగ్ కార్ఖానా వైపు చెయ్యి చాపింది. "బ్యాండేజీ గుడ్డను తెల్లగా చేసి మా ఏటిని నల్లగా చేసినాడు. నష్టమొచ్చి మూసుకొని పోయినాడు. వాడు మన్నై పోను!"

గుప్పెడు మన్నెత్తి అటు విసిరింది. గాలికి అది ముసలాయన తల మీద పడింది.

ఆయన దులుపుకోలేదు.

వాన వెలిసిన ప్రతిసారీ వచ్చేవాడు. రాయి తిప్పి చూసి, మళ్ళీ అలాగే బోర్లించేవాడు.

"వచ్చినారా మీ చుట్టాలు?" అని జక్కమ్మ ఎకసక్కెమాడేది.

"ఇంకా రాలేదు తల్లీ."

ఒక పొద్దున ఆయనే కేకేశాడు.

"అమ్మా! తొందరగా రండి!"

రాయి అడుగున వడ్లగింజంత పురుగు. వెనక మూడు సన్నటి తోకలు. ఒంటికి రెండు పక్కలా చిన్న చిన్న ఆకుల్లాంటివి రెపరెపలాడుతున్నాయి.

"అవే దాని ఊపిరి. నీళ్ళలో విషం ఉంటే ఇది ఉండదు. ఎప్పుడో ఒక్క పూట రెక్కలతో ఎగరడానికి ఇన్నాళ్ళూ రాయి కింద కాచుకొని ఉంటుంది."

ఇంత పెద్ద ఏరు బాగుందని చెప్పడానికి ఇంత చిన్న ప్రాణమా! తెలియకుండానే జక్కమ్మ చేతులు జోడించింది.

"ఇక ఆవుకు తాపండి తల్లీ." ఆయన రాయిని మెల్లగా బోర్లించాడు.

ఆ రోజు చూడి ఆవు ఏట్లో కడుపారా తాగింది.

పండంటి దూడ పుట్టింది. మొదటి జున్ను ఆయనకే అని జక్కమ్మ తీసిపెట్టింది. వాన వెలిసింది. ఆయన రాలేదు.

జున్ను గిన్నె ఒళ్ళో పెట్టుకొని తమ ఊరి కుర్రాడు వినోత్ నడిపే షేర్ ఆటో ఎక్కింది. పక్క టౌను రాజపాళయంలో పురుగుల వాద్యారంటే ఎవరైనా చూపించరా!

బస్టాండు గోడ దగ్గర ఉలిక్కిపడింది.

"ఆపు వినోత్! అదిగో, మా వాద్యారు!"

గోడ మీద దండ వేసిన ఫోటోతో కన్నీటి అంజలి పోస్టరు. అందులో ఆయన నవ్వుతున్నాడు.

వినోత్ వెనక్కి తిరిగి చూశాడు.

"వాద్యారు కాదక్కా, మీ ఏటి పట్టడ ఓనరు. అప్పట్లో ఏట్లో ఒక్క పురుగైనా బతకలేదని చూసి, బాగా నడస్తా ఉండే పట్టడకు తన చేత్తోనే తాళమేసినాడు."