మూడు బొమ్మల పరీక్ష

నాలుగేళ్ళు నిండని పిల్లని వెనక గదిలోకి తోసింది మీరే. పక్కవాళ్ళ వైపు చూడకండి, ఆ బడి నడిపే మీతోనే మాట్లాడుతున్నాను. జరిగింది వినండి.

శిశు తరగతిలో పిల్లల్ని చేర్చుకునే రోజు. ఆఫీసు గదిలో చిన్న బల్ల. ఒకవైపు టీచరు, ఇంకోవైపు తండ్రి ఒడిలో పిల్ల. తండ్రి ఇంటి దగ్గరే బట్టలు కుడతాడు. పిల్లని గువ్వ అని పిలుస్తాడు.

గోడవారన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. సోడాబుడ్డి కళ్ళద్దాలు, అరిగిపోయిన చెప్పులు. హెడ్ మేడమ్‌తో మాట్లాడాలని గంట నుంచి అలాగే ఉంది. ఆయా పనికోసం వచ్చిందనుకుని ఎవరూ పలకరించలేదు.

టీచరు మొదటి కార్డు తీసింది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, మధ్యలో బస్సు.

"బస్సు ఎవరు నడుపుతారో చూపించు."

గువ్వ ఆడమనిషి మీద వేలు పెట్టింది. "అమ్మ."

టీచరు కాగితం మీద ఇంటూ కొట్టింది.

"వాళ్ళమ్మ బస్సు డ్రైవరేనండీ," అన్నాడు తండ్రి.

"అయితే కావచ్చు. ఇక్కడ రాసున్న జవాబు అది కాదుగా."

రెండో కార్డు. వాళ్ళిద్దరే, మధ్యలో పొయ్యి.

"వంట ఎవరు చేస్తారు?"

"నాన్న. మాడుస్తాడు కూడా."

తండ్రి నవ్వాడు. టీచరు నవ్వలేదు. ఇంకో ఇంటూ.

మూడో కార్డులో ఇద్దరు ఆడపిల్లలు. ఒక పిల్ల తెల్లగా, రిబ్బన్లతో. ఇంకో పిల్ల నల్లగా, చింపిరి జుట్టుతో.

"వీళ్ళలో మంచి పాప ఎవరు?"

గువ్వ ఆలోచించకుండా నల్లపిల్ల మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఈ పాప. నాలాగే ఉంది."

మూడో ఇంటూ.

మూడు ఇంటూలు పడితే వెనక గది. అది ఆ బడి పద్ధతి. వెనక గదిలో అప్పటికే అయిదుగురున్నారు. అక్కడ పాటల్లేవు, రంగుల్లేవు. కదలకుండా కూర్చోవడం నేర్పుతారు. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఇదే పరీక్ష.

"పిల్ల కరెక్టుగానే చెప్పిందమ్మా," అంది ముసలావిడ. "తప్పు ఆ బొమ్మలది."

అప్పుడే హెడ్ మేడమ్ లోపలికొచ్చింది.

"నాయనమ్మగారా? మనవరాలి మీద ముద్దుంటే ఇంటి దగ్గర చూపించుకోండి."

"ఈ పిల్లెవరో నాకు తెలీదు."

"మరి మధ్యలో మీకెందుకండీ?"

"నాకే కావాలి. ఆ కార్డులు ఇచ్చెయ్యండి, పట్టుకుపోతాను."

"బాగుంది! రేపొచ్చి కుర్చీలు కూడా అడుగుతారు. ఇన్నేళ్ళ నుంచి వాడుతున్నాం, అందరూ ఊరికే వాడుతున్నారా?"

ముసలావిడ ఇంకేదో చెప్పబోయింది. హెడ్ మేడమ్ వినలేదు. వాచ్‌మన్ని కేకేసి, "ఈవిణ్ణి గేటు దాటించి రా," అంది.

గుమ్మం దగ్గర ముసలావిడ తండ్రి వైపు తిరిగింది.

"నువ్వైనా నోరు విప్పవయ్యా."

అతను విప్పలేదు. మాట్లాడితే ఉన్న సీటు కూడా ఊడుతుందని భయం. చూపించిన చోట సంతకం పెట్టాడు. గువ్వ వెనక గదికెళ్ళింది.

ఆరు నెలలయ్యాయి. అదే బల్ల, అవే కార్డులు.

బస్సు నడిపేది మగమనిషి అంది గువ్వ. వంట చేసేది ఆడమనిషి అంది.

"మరి మంచి పాప ఎవరు?"

గువ్వ తెల్లపిల్ల మీద వేలు పెట్టింది. రెండో పిల్ల మొహాన్ని అరచేత్తో కప్పేసింది.

"వెరీ గుడ్! చూశారా, ఎంత బాగుపడిందో," అంది టీచరు.

బయటికొచ్చాక తండ్రి అడిగాడు. "గువ్వా, ఆ రెండో పాప ఏం తప్పు చేసిందే?"

"ఏం చెయ్యలేదు నాన్నా. నాలా ఉంది."

అతను అక్కడే ఆగిపోయాడు. పిల్లని చంకనేసుకుని గిర్రున వెనక్కి తిరిగాడు. తిన్నగా హెడ్ మేడమ్ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఈ జవాబులు ఎవరు రాశారు మేడమ్? వాళ్ళతో నేను మాట్లాడాలి."

"మీరు కూడా మొదలెట్టారా? ఉండండి, మీ ముందే అడుగుతాను. అప్పుడైనా నోరు మూస్తారు."

కార్డులు అచ్చువేసే ఆఫీసుకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. బడి పేరు చెప్పి సంగతి అడిగింది.

"ఆ సెట్టు వెయ్యడం మానేశామండీ," అంది అవతలి గొంతు. "గీసినావిడే వద్దన్నారు. వయసులో ఉండగా తెలీక గీశాను, ఎంతమంది పిల్లల్ని పాడుచేశానో అని ఒకటే బాధపడేవారు. ఓపిక లేకపోయినా బడిబడికీ తిరిగి, అడిగి మరీ వెనక్కి తెచ్చేవారు."

"ఆవిడతో ఒక్కసారి మాట్లాడించండి," అన్నాడు తండ్రి.

"పోయిన నెల పోయారండీ. మిగతా బళ్ళవాళ్ళందరూ ఇచ్చేశారు గానీ, మీ బడి నుంచే ఉత్తిచేతులతో వచ్చానని చెప్పారు. గంటసేపు కూర్చున్నారట కదా?"

హెడ్ మేడమ్ ఫోను పెట్టేసింది. కార్డులు దొంతరగా సర్ది, బీరువాలో పెట్టి, తాళం వేసింది.

తీయండి ఆ తాళం. రేపు కాదు, మీటింగు పెట్టుకున్నాక కాదు, ఇప్పుడే. ఆ కార్డులు చింపెయ్యండి. వెనక గది తలుపు తెరిచి పిల్లలందర్నీ పాటలున్న గదిలోకి తీసుకురండి. గువ్వ ముందు నేలమీద కూర్చుని, "మొదటిరోజు నువ్వు చూపించిన పాప కూడా మంచి పాపే తల్లీ, తప్పు మాది," అని మీ నోటితో చెప్పండి. ఆ మాట చెప్పడానికి బొమ్మలు గీసిన మనిషే మీ గడప తొక్కితే గెంటేశారు. ఇక ఆవిడ రాదు. మీరే చెప్పాలి.